డిసెంబరులో గుడ్ ఫ్రైడే పాటలు

కట్టు విప్పాక నా కుడిచేతిని మొదటిసారి చూసుకున్నప్పుడు అది నాది కాదనిపించింది. పాలిపోయి, సన్నబడి, చర్మం పొట్టు రాలుతూ, ఎవరిదో తెచ్చి నా భుజానికి తగిలించినట్టుంది. బాత్రూములో జారిపడడానికి అరవై దాటిన వయసు చాలు, వేరే ప్రతిభ ఏమీ అక్కర్లేదు. మోచేతికి పైన ఎముక విరిగింది, మళ్లీ అతుక్కుంది. ఇక బలం రావడమే మిగిలిందని డాక్టరుగారు నన్ను తిరుమలగిరిలో ఒక ఫిజియోథెరపీ గదికి పంపించారు. మందుల షాపు పైన మేడమీద గది. గోడ నిండా అద్దాలు, నేలంతా ఆకుపచ్చ రబ్బరు చాపలు, గాలిలో నొప్పులకు రాసుకునే మందు వాసన. నిఖిల్ అనే కుర్రాడు, మా మేనల్లుడి వయసువాడు, గులాబీ రంగు రబ్బరు తొడిగిన చిన్న డంబెల్ ఒకటి నా చేతిలో పెట్టాడు. పసిపిల్లలు ఆడుకునే గిలక్కాయ కంటే కాస్త పెద్దది. దాన్ని చూస్తే నాకు నవ్వొచ్చింది, లేపబోతే ఏడుపొచ్చింది.

"ఆంటీ, కాళ్లు జెర దూరంగ పెట్టుర్రి. మోకాళ్లు మరీ బిగవట్టొద్దు. మోచెయ్యి పక్కకు ఆనాలె, అక్కడ్నించి కదలొద్దు. మణికట్టు వంచకుర్రి. మెల్లగ భుజం దాంక లేపాలె, ఇంకా మెల్లగ దింపాలె. సన్నగ నొప్పి ఉంటే ఫర్వాలే, చురుక్కుమంటే ఆపెయ్యుర్రి" అన్నాడు నిఖిల్. నేను అద్దంలో నన్ను నేను చూసుకోకుండా, కిటికీ బయట కరెంటు తీగ మీద కూర్చున్న కాకిని చూస్తూ లేపాను, దించాను. అలా కాసేపు చేశాక నిఖిల్ నడుం మీద చేతులు పెట్టుకుని నా వైపు వింతగా చూశాడు. "ఆంటీ, మీరు ఇంతకుముందు జిమ్ముకు పోయిండ్రా?" అన్నాడు. ఈ అవతారాన్ని చూసి ఆ ప్రశ్న అడిగినందుకు అతనికి ఏదైనా బహుమతి ఇవ్వాలనిపించింది. లేదన్నాను. "మరి బ్రీతింగ్ ఎట్లొచ్చింది? ఫస్ట్ రోజు అందరు ఊపిరి బిగవడ్తరు. చెప్పీ చెప్పీ నా గొంతు పోతది. మీరు లేపేటప్పుడు వదుల్తున్నరు, దింపేటప్పుడు తీస్కుంటున్నరు. కరెక్టుగ గట్లనే చెయ్యాలె. గది గాక ఏదో పాట సుత పాడుతున్నరు."

పాడుతున్నానని నాకు తెలియదు. తెలిశాక, ఏం పాడుతున్నానో గమనించి చూసుకుంటే అది శ్రమల కాలంలో, ఈస్టరుకు ముందు వచ్చే ఆ ఉపవాసాల రోజుల్లో మా చర్చిలో పాడే కీర్తన. సిలువ, ముళ్లకిరీటం, కన్నీళ్లు. చేతిలో చూస్తే గులాబీ రంగు డంబెల్. ఆ రెండింటికీ ఏం చుట్టరికమో నిఖిల్‌కి చెప్పాలంటే మెట్టుగూడలో మా రైల్వే క్వార్టర్సు దగ్గర మొదలుపెట్టాలి, అంత తీరిక అతనికెక్కడిది? వెనక ఇంకా ముగ్గురు మోకాళ్లు పట్టుకుని కూర్చున్నారు. కానీ నాకు మాత్రం ఒక సందేహం పట్టుకుంది. ఏదైనా సందేహం పట్టుకుంటే అది తీరేదాకా అన్నం సయించని మనిషిని నేను. లేపేటప్పుడు ఊపిరి వదలాలని, దించేటప్పుడు తీసుకోవాలని, అంత నెమ్మదిగా చెయ్యాలని మా అమ్మకి అప్పట్లో ఎవరు చెప్పారు?

మా నాన్న దేవదానం గూడ్సు బండి గార్డు. గార్డంటే బండి చివర తోకలాంటి బ్రేకు వ్యానులో ఒక్కడే కూర్చుని, పచ్చజెండా ఎర్రజెండా పట్టుకుని, బండంతా తన వెనకే వస్తున్నట్టు కాక తనే బండి వెనక వెళ్తూ, ఊళ్లు దాటిపోయే మనిషి. ఆ ఉద్యోగమంటే నాన్నకి పిచ్చి ప్రేమ. డ్యూటీకి వెళ్లేముందు గంజి పెట్టి ఇస్త్రీ చేసిన తెల్ల యూనిఫాం తొడుక్కుని, అద్దం ముందు ఈల ఒకసారి నోట్లో పెట్టుకుని చూసుకుని, ఊదకుండానే జేబులో పెట్టుకునేవారు. తిరిగొచ్చినప్పుడు ఆయన ఒంటి మీద బొగ్గుపొగ, ఇంజను నూనె, ఏదో తెలియని ఊరి స్టేషనులో తిన్న వడల వాసన కలిసి వచ్చేవి. నేను ఆ వాసన పట్టుకుని ఈసారి ఏ వైపు వెళ్లొచ్చారో చెప్పగలనని కోతలు కోసేదాన్ని. నాన్న నేను ఏ ఊరు చెప్పినా "కరెక్టు" అనేవారు.

ఒక వానాకాలం యార్డులో బ్రేకు వ్యాను ఎక్కుతూ తడిసిన మెట్టు మీద కాలు జారి నాన్న పడిపోయారు. కుడిచెయ్యి, మోచేతికి పైన. సరిగ్గా నాకు విరిగినచోటే, మా ఇంట్లో ఆస్తులు ఇలాగే పంచుకుంటాం. కట్టు విప్పేసరికి దసరా సెలవులు అయిపోయాయి. ఎముక అతికింది గానీ చేతిలో సత్తువ లేదు. గార్డు నేల మీంచి వ్యానులోకి ఎక్కాలంటే పక్కనున్న ఇనపకడ్డీ పట్టుకుని ఒళ్లంతా పైకి లాక్కోవాలి. నాన్న ఆ చేత్తో కాఫీ గ్లాసు ఎత్తితే కాఫీ లుంగీ మీదికొచ్చేది. కొత్త సంవత్సరం రాగానే వైద్య పరీక్ష ఉందని కబురొచ్చింది. అందులో నెగ్గితే మళ్లీ బండెక్కుతారు. నెగ్గకపోతే ఆఫీసులో ఏదో ఒక మూల కుర్చీ వేసి కూర్చోబెడతారు. జీతానికి పెద్ద లోటు లేదని అందరూ ధైర్యం చెప్పారు. నాన్న మాత్రం సాయంత్రాలు వరండాలో కూర్చుని, దూరంగా వెళ్లే గూడ్సుని చూసి, చివరి పెట్టె కనుమరుగయ్యేదాకా తల తిప్పేవారు కాదు. కుర్చీలో కూర్చోబెడితే ఈ మనిషి మిగలడని ఆ వయసులో నాకే అర్థమైంది.

మా గోడకి అవతల యాదగిరి బాబాయి వాళ్లుండేవారు. ఆయన లోకో షెడ్డులో ఫిట్టరు, పొద్దున్నే కుస్తీలు నేర్పే తాలీంఖానాకు వెళ్లి ఒళ్లంతా ఎర్రమట్టితో తిరిగొచ్చే పహిల్వాను. నాన్న సంగతి విని ఒకరోజు రెండు ఇనప డంబెల్సు తెచ్చి మా వరండాలో ధనామని పడేశారు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. రెండూ నల్లగా, ఎందరి చేతుల్లోనో నలిగి నున్నగా అయిపోయి ఉన్నాయి. పట్టుకుంటే అరచేతికి తుప్పు, ఆవనూనె వాసన అంటుకునేది, సబ్బుతో కడిగినా పోయేది కాదు. "అన్నా, గిది చిన్నపోరగాండ్లది. పెద్దది వట్టు. ఛాతి ఇప్పి, దమ్ము బిగవట్టి, ఒక్క జోర్‌ల లేపాలె. జెర తక్లీఫ్ అయితది, పరేషాన్ గాకు. నొప్పి ఉంటేనే తాకత్ వస్తది" అన్నారు బాబాయి. నాన్న పెద్దది పట్టుకున్నారు. ఊపిరి బిగబట్టారు. మొహం కందిపోయి, మెడ నరాలు లేచి, నడుం వెనక్కి వంచి, డంబెల్‌ని ఊపి ఊపి పైకి విసిరినట్టు లేపారు. గొంతులోంచి ఒక శబ్దం వచ్చింది. వంటింట్లో ఏదో గిన్నె కింద పడింది.

అమ్మ గరిటె పట్టుకునే వచ్చింది. మా అమ్మ కరుణమ్మ మనిషి చూడ్డానికి పిట్టంత ఉంటుంది, చర్చిలో కీర్తనలు ఎత్తుకుంటే మాత్రం గంట మోగినట్టుంటుంది. గుంటూరు వైపు నుంచి పెళ్లయి ఈ ఊరొచ్చింది గానీ, మాట తీరు మాత్రం ఆ ఊళ్లోనే వదిలి రాలేదు. గడప దగ్గర నిలబడి రెండుసార్లు చూసింది. "ఏవండీ, మీ చెయ్యి లేవట్లేదు, మీ నడుం లేస్తోంది" అంది. యాదగిరి బాబాయి నవ్వేశారు. "వదినా, గిది మొగోళ్ల కస్రత్తు, నువ్వు కూర చూస్కో" అన్నారు. "కూర మాడితే ఇంకోటి వండుతాను, చెయ్యి మళ్లీ విరిగితే ఇంకోటి తెస్తావా యాదగిరీ?" అంది అమ్మ. ఆ సాయంత్రం నుంచి పెద్ద డంబెల్ మా ఇంట్లో గాలికి తలుపు కొట్టుకోకుండా అడ్డం పెట్టుకోవడానికి పనికొచ్చింది. నాన్న చేతికి చిన్నది మిగిలింది.

మర్నాటి నుంచి పద్ధతి మారిపోయింది. అమ్మ నాన్నని గోడకి ఆనించి నిలబెట్టింది, నడుం వెనక్కి వంగడానికి చోటు లేకుండా. మోచేతికీ పక్కటెముకలకీ మధ్య మడతపెట్టిన తువ్వాలు ఇరికించింది. తువ్వాలు జారిపడితే మోచెయ్యి కదిలినట్టు, ఆ లేపడం చెల్లదు. ఆపైన పాట. నాన్న కీర్తనలో ఒక పాదం పాడుతూ లేపాలి. అదే పాదాన్ని అమ్మ తిరిగి పాడుతుండగా దించాలి. చర్చిలో ఒకరు ఎత్తుకుంటే మిగతావాళ్లు అందుకున్నట్టే. నాన్నది బొంగురు గొంతు, శ్రుతి ఆయనకి పెళ్లిలో చూసిన దూరపు బంధువు. అయినా పాడారు. పాట అయ్యాక చెయ్యి మార్చి ఎడమచేత్తో కూడా చేయించేది అమ్మ, రెండూ ఒక్కలా ఉండాలని. ఆదివారాలు మాత్రం డంబెల్ ముట్టనిచ్చేది కాదు. "దేవుడే ఒకరోజు ఆగాడు, మీరేంటండీ" అనేది. ఇప్పుడు నిఖిల్ కూడా మధ్యలో ఒకరోజు కండకి విశ్రాంతి ఇవ్వాలన్నాడు, కారణం మాత్రం వేరే చెప్పాడు.

ఇంతలో డిసెంబరు వచ్చింది. డిసెంబరంటే మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. వంటింట్లో గులాబీ పువ్వులు నూనెలో వేగుతుంటాయి, అచ్చు వదలక ఒకటి మాడుతుంటుంది, ముందుగదిలో చర్చి పాటల బృందం చాపల మీద కూర్చుని క్రిస్మస్ పాటలు సాధన చేస్తుంటుంది. వాళ్లని నడిపేది అమ్మే. డోలకు, తాళాలు, చప్పట్లు. నాన్న పక్కగదిలో గోడకి ఆని తన కసరత్తు తను చేసుకుంటున్నారు. అమ్మకి తీరిక లేదు కనుక బృందం పాడే పాటకే చెయ్యి కలిపారు. అదేమో పశువుల కాపరులు పరుగెత్తుకుంటూ వచ్చే పాట. డోలకు దెబ్బకి డంబెల్ పైకి లేచింది, దెబ్బకి కిందికి వచ్చింది. తువ్వాలు ఎప్పుడో జారిపోయింది. నాన్నకి మహా హుషారుగా ఉంది, నవ్వుతూ నాకు కన్ను కూడా కొట్టారు. పాట ఇంకా వేగం అందుకున్నప్పుడు మోచేతి దగ్గర ఏదో చురుక్కుమంది. డంబెల్ నేల మీద పడి గచ్చు పెచ్చు లేచింది. ముందుగదిలో పాట ఆగిపోయింది.

మోచెయ్యి వాచింది. కొన్నాళ్లు కాపడాలు, ఆముదం పట్టీలు. పరీక్ష దగ్గరికొస్తోంది, చెయ్యి వెనక్కి వెళ్లింది. ఆ రోజుల్లో నాన్న యూనిఫాం ఇస్త్రీ చేయించడం మానేశారు. వాపు తగ్గాక అమ్మ కొత్త చట్టం చేసింది. ఇక మీదట ఈ ఇంట్లో డంబెల్‌కి క్రిస్మస్ పాటలు పనికిరావు, శ్రమల కాలపు కీర్తనలే పాడాలి. అవైతే ఒక్కో మాట సాగి సాగి, సిలువ మోసుకుంటూ కొండ ఎక్కినట్టు నడుస్తాయి. ఎంత తొందరపడదామన్నా కుదరదు. అలా, ఊరంతా క్రీస్తు పుట్టాడని సంబరపడుతుంటే, కిటికీలకి రంగుకాగితాల నక్షత్రాలు వేలాడుతుంటే, మా ఇంట్లోంచి మాత్రం పొద్దునా సాయంత్రం ఆయన్ని సమాధి చేసిన పాటలు వినపడేవి.

ఇది ఎన్నాళ్లు దాగుతుంది? మా చర్చి పాస్టరుగారు ఒకరోజు బైబిలు చంకన పెట్టుకుని, ముఖం బరువుగా పెట్టుకుని మా ఇంటికొచ్చారు. వెనక మహిళా సమాజం నుంచి ఇద్దరు, చేతిలో బ్రెడ్డు, అరటిపళ్లు. "కరుణమ్మా, ఎవరికమ్మా బాగాలేదు?" అన్నారు మెల్లగా. ఎవరికీ ఏమీ లేదంది అమ్మ. "మరి ఈ మంచి రోజుల్లో గుడ్ ఫ్రైడే పాటలు పాడుకుంటున్నారట. మీ వైపు పెద్దవాళ్లెవరైనా..." అని ఆయన ఆగిపోయారు. అమ్మ ఆయన్ని పక్కగదిలోకి తీసుకెళ్లింది. అక్కడ నాన్న బనీను మీద, చంకలో తువ్వాలుతో, గోడకి ఆని, కళ్లు మూసుకుని, లోకపాపాలన్నీ తనవే అన్నట్టు పాడుతూ డంబెల్ లేపుతున్నారు. పాస్టరుగారు చాలాసేపు చూశారు. "తాళం బాగా పట్టారు దేవదానంగారూ" అన్నారు చివరికి. బ్రెడ్డు వెనక్కి తీసుకెళ్లలేదు. గోడ అవతల నుంచి యాదగిరి బాబాయి నవ్వు వినపడింది. క్రిస్మస్ పండక్కి వచ్చినప్పుడు ఆయన నాన్న కండ పట్టుకుని చూసి, "వదినా, నేనే గలత్ చెప్పిన. చెయ్యి షురూ అయింది" అన్నారు.

పరీక్ష రోజు మేం ముగ్గురం రైల్వే ఆసుపత్రికి వెళ్లాం. డాక్టరుగారు నాన్నని లోపలికి పిలిచి తలుపు వేశారు. బెంచీ మీద కూర్చోవలసిన అమ్మ తలుపుకి దగ్గరగా నిలబడింది, ఒక చెవి అటువైపు పడేసి. నర్సు కూర్చోమన్నా కూర్చోలేదు. నాకూ లోపలి సంగతి తెలుసుకోవాలని ఉండి, "నాన్న పాడుతున్నారా?" అని అడిగాను. అమ్మ నా నోటి మీద వేలు పెట్టింది. బయటికొచ్చిన నాన్న మొహం చూస్తే అడగక్కర్లేదు. డాక్టరుగారు బరువు లేపమన్నారట, లాగమన్నారట, తోయమన్నారట. పాట పైకి పాడడానికి సిగ్గేసి నోట్లోనే పాడుకున్నారట. "ఏదో గొణుగుతున్నారు, ఏమిటయ్యా?" అని డాక్టరుగారు అడిగితే ప్రార్థన అన్నారట. నాన్న మళ్లీ బండెక్కారు. రిటైరయ్యేదాకా గార్డుగానే ఉన్నారు. చివరి డ్యూటీ నాడు కూడా ఇనపకడ్డీ పట్టుకుని ఎవరి సాయం లేకుండా వ్యానులోకి ఎక్కడం నేను ప్లాట్‌ఫాం మీద నిలబడి చూశాను, చూసి ఏడ్చాను. ఆయన పోయి చాలా ఏళ్లయింది.

ఇప్పుడు నిఖిల్ గదిలో నాతోపాటు కసరత్తు చేసేవాళ్లంతా చెవుల్లో ఏవో పెట్టుకుంటారు. ఎవరి పాట వాళ్లది. అద్దంలో ఒకరి మొహం ఒకరికి కనిపిస్తుంది, ఒకరి ఊపిరి ఒకరికి వినిపించదు. గోడ మీద ఒక బొమ్మ ఉంది, మోచెయ్యి ఎక్కడ ఉండాలో, వీపు ఎలా ఉండాలో బాణాలు గీసి చూపిస్తుంది. మంచిదే. మా నాన్నకి ఆ బొమ్మ ఉంటే క్రిస్మస్ ముందు చెయ్యి వాచేది కాదు. అప్పుడే బాగుండేదని నేననను, అప్పుడు తెలియక చేసిన వాటికి ఎన్ని చేతులు పాడయ్యాయో ఎవరు చూశారు? నాకు అంతుపట్టనిది ఒక్కటే. ఆ బొమ్మలో ఉన్న సంగతులన్నీ, బొమ్మలో లేని ఊపిరి సంగతితో సహా, మా అమ్మకి ఎలా తెలిశాయి? పాటలు నేర్పే మనిషి కనుక ఊపిరి మీద పట్టు ఉండి ఉంటుందని, బరువుకీ పాటకీ ఒకటే సూత్రమని కనిపెట్టిందని నాకు నేనే ఒక సిద్ధాంతం అల్లుకున్నాను. దాని మీద ఒక వ్యాసం రాయవచ్చని కూడా అనుకున్నాను.

మొన్న శనివారం కాప్రా వెళ్లాను. అమ్మ మా తమ్ముడి దగ్గర ఉంటుంది, చెరువు వైపు బాల్కనీ ఉన్న ఇల్లు. తొంభైకి దగ్గర పడింది, గొంతు సన్నబడింది, చురుకు మాత్రం తగ్గలేదు. నా చెయ్యి ఒళ్లో పెట్టుకుని, అటూ ఇటూ తిప్పి చూస్తుంటే, నా సిద్ధాంతమంతా విడమరిచి చెప్పాను. లేపేటప్పుడు ఊపిరి వదలాలని నీకు ఎవరు చెప్పారమ్మా అని అడిగాను.

అమ్మ నా మొహంలోకి చూసి, నేను ఇన్నేళ్లూ చదివిన చదువు మీద జాలిపడ్డట్టు నవ్వింది. "ఊపిరీ లేదు, గాడిదగుడ్డూ లేదు. మీ నాన్న అది లేపేటప్పుడు మూలిగేవారే చిట్టీ. మొదటిరోజు యాదగిరి తెచ్చినప్పుడు విన్నాను. వంటింట్లో నా చేతిలో గిన్నె ఆగలేదు. మానేయమందామంటే ఆయన బండెక్కాలి. చెయ్యమందామంటే నేను వినలేను. నోట్లో పాట ఉంటే మూలుగుకి చోటుండదు కదా, అందుకని పాడమన్నాను."

"మరి దించేటప్పుడు నువ్వెందుకు పాడేదానివి?"

"దించేటప్పుడు కూడా వచ్చేది. అప్పుడు నా గొంతు నాకు అడ్డం పెట్టుకున్నాను."

నేను రాయదలుచుకున్న వ్యాసం అక్కడితో అయిపోయింది. అమ్మ చేతిలో నా చెయ్యి వెచ్చగా ఉంది. లోపల మరదలు మిక్సీ వేస్తోంది, చెరువు మీంచి చల్లగాలి వస్తోంది. అమ్మే లేచి, పక్కనున్న నీళ్లసీసా మూత బిగించి నా చేతికిచ్చింది. ఏదీ, చేసి చూపించమంది. నేను లేచి గోడకి ఆనుకున్నాను.

"నొప్పెడుతోందా?"

"లేపేటప్పుడు కొంచెం."

"అయితే గట్టిగా పాడు" అంది అమ్మ, పైట కొంగు నోటికి అడ్డం పెట్టుకుని. "నీది కూడా నేను వినలేను."